చెలకలో గుంజ పాతితే భూమి పోయినట్టేనా?

మొన్న ఒక రాత్రి మా మేనమామ ఫోన్ చేశాడు. భూపాలపల్లి దాటి లోపలికి పోతే వచ్చే చిన్న ఊరు ఆయనది. "అల్లుడా, మన చెలకల ఎవరో మిషిన్ పెట్టి చూసుకుంట గుంజలు పాతి, ఎర్ర రంగు పూసి పోయిండ్రు. ఏంది అంటే రైలు పట్టా అన్నరు. ఇగ నా పట్టా పోయినట్టేనా?"

"పోలేదు మామా, ఇప్పుడే కాదు" అన్నాను. కానీ ఎందుకు పోలేదో, ఎప్పుడు పోతుందో, పోతే చేతికి ఏం వస్తుందో చెప్పేసరికి ఫోను చెవికి కాలేంత సేపు పట్టింది. ఆ మాటలనే ఇక్కడ కొంచెం కుదురుగా రాస్తున్నాను. ఎందుకంటే గోదావరి ఒడ్డు పొడవునా ఇప్పుడు ఇదే ప్రశ్న అడుగుతున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

ఒకసారి మ్యాపు తీసి చూడండి. కాజీపేట నుంచి హైదరాబాద్ వైపు, బల్లార్షా వైపు, విజయవాడ వైపు మూడు దారులు పోతాయి. అక్కడి నుంచి తూర్పుకు, గోదావరి దాకా చూపు సారిస్తే ములుగు, భూపాలపల్లి జిల్లాల్లో పట్టా ముక్క కనిపించదు. మేడారం జాతరకు లక్షల మంది వస్తారు. రైల్లో వచ్చినవాళ్లంతా వరంగల్లోనో కాజీపేటలోనో దిగి బస్సు ఎక్కాల్సిందే. ఇక 'భద్రాచలం రోడ్' స్టేషన్ సంగతి తెలిసిందే. అది భద్రాచలంలో లేదు, కొత్తగూడెంలో ఉంది. రాముడి దగ్గరికి అక్కడి నుంచి ఇంకో 40 కిలోమీటర్లు పోవాలి. 'రోడ్' అన్న మాటను అంత నిజాయితీగా వాడిన స్టేషన్ ఇంకోటి లేదేమో.

ఈ ఖాళీని పూడ్చే లైన్లు కాగితం మీద ఉన్నాయి. రామగుండం నుంచి మంథని, భూపాలపల్లి మీదుగా మణుగూరుకు దాదాపు 200 కిలోమీటర్ల బొగ్గు దారి ఒకటి. ఒడిశాలోని మల్కన్‌గిరి నుంచి భద్రాచలం మీదుగా పాండురంగాపురానికి 173.61 కిలోమీటర్లది ఇంకోటి. రెండోదానికి 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. రెండూ సరిహద్దు లైన్లే. ఒకటి అడవి అంచున పోతుంది, ఇంకోటి మూడు రాష్ట్రాలు ఒకదాన్నొకటి ఒరుసుకునే చోట పోతుంది.

మంజూరైన లైను ఎప్పటికి పూర్తవుతుంది? మన దగ్గరి లెక్క ఒకటి చెప్తాను. పెద్దపల్లి–కరీంనగర్–నిజామాబాద్ లైను పొడవు 177 కిలోమీటర్లు. 1993–94లో మంజూరైంది. చివరి ముక్క మీద రైలు నడిచింది 2017 మార్చిలో. మంజూరైన ఏడాది పుట్టిన పిల్లవాడు డిగ్రీ పూర్తి చేసి ఉద్యోగం వెతుక్కునే వయసుకు వచ్చాడు. నిధులు ఏటా చుక్క చుక్కగా రాలడం దీనికి ఒక కారణం, కాదనను. కానీ డబ్బున్నా కదలని పని ఒకటి ఉంది, అదే భూమి. నా లెక్కలో అసలు చిక్కుముడి అక్కడే ఉంది. మంత్రి జెండా ఊపే ఫొటోలో అది కనిపించదు.

వెనక్కి పోతే, మన దగ్గర రైలుకు భూమి దొరకడం ఒకప్పుడు చాలా సులువు. ఇప్పటి కర్ణాటకలో ఉన్న వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు 1874లో రైలు వచ్చింది. దాన్ని వరంగల్ మీదుగా రాజ్యం పొలిమేర దాకా, అటు బెజవాడకూ ఇటు చాందాకూ (ఇప్పటి చంద్రాపూర్) పొడిగించాలని 1883లో పథకం వేశారు. కంపెనీ పుట్టింది లండన్‌లో. పెట్టుబడి మీద 20 ఏళ్ల పాటు 5 శాతం రాబడికి హామీ మాత్రం నిజాం ఖజానాది. లైనుకు లాభం రాకపోతే ఇక్కడి రైతు కట్టిన శిస్తులోంచి అక్కడి వాటాదారుకు చెల్లించాలన్నమాట. ఆ లెక్కలు బయట పెట్టమని హైదరాబాద్‌లో కొందరు చదువుకున్నవాళ్లు గొంతెత్తారు. వాళ్లలో ఒకరైన అఘోరనాథ్ చటోపాధ్యాయను ఆ ఏడాదే రాజ్యం నుంచి పంపించేశారు. ఆయన సరోజినీ నాయుడు తండ్రి. రైలు గురించి ప్రశ్న అడిగినందుకు ఊరు విడవాల్సి వచ్చిన మొదటి మనిషి బహుశా ఆయనే. రైలు మాత్రం ఆగలేదు. 1886కు వరంగల్ చేరింది, 1889కి బెజవాడ. చాందా వైపు దారి, అంటే కాజీపేట–బల్లార్షా, పూర్తయ్యేసరికి 1929 వచ్చింది.

అప్పటి గ్యారంటీ కంపెనీల ఒప్పందాల్లో భూమిని ప్రభుత్వం ఉచితంగా అప్పజెప్పడం మామూలు సంగతి. భూమితో పాటు అధికారం కూడా పోయింది. నిజాం రాజ్యంలోనే ఉన్నా ఆ పట్టాల పట్టీ మీద కోర్టు, పోలీసు బ్రిటిష్ వాళ్లవి. 1895లో శంకర్‌పల్లి స్టేషన్‌లో ఒకాయనను సిమ్లా మేజిస్ట్రేట్ వారెంట్‌తో పట్టుకుపోయారు. అది చెల్లదని 1897లో అప్పటి పై కోర్టు, లండన్‌లోని ప్రివీ కౌన్సిల్, తేల్చింది. నిజాం ఇచ్చిన అధికారం రైల్వే వ్యవహారాల వరకే గానీ, ప్లాట్‌ఫాం మీద నిలబడ్డ ఎవరినైనా పట్టుకుపోవడానికి కాదంది. నలభై మీటర్ల వెడల్పు నేల మీద ఇంత పేచీ ఆనాడే ఉంది.

నలభై మీటర్లని ఊరికే అనలేదు. మామకు కూడా ఇదే లెక్క చెప్పాను. సింగిల్ లైను కట్ట పైభాగం వెడల్పు దాదాపు 7.85 మీటర్లు ఉంటుంది. కట్ట ఆరు మీటర్ల ఎత్తు లేచిందనుకోండి. మీటరు ఎత్తుకు రెండు మీటర్ల వాలు చొప్పున రెండు పక్కలా పన్నెండు పన్నెండు మీటర్లు కలిస్తే అడుగున 32 మీటర్లు తేలుతుంది. పక్క కాలువ, దారి కలిపితే నలభై. అంటే కిలోమీటరుకు పది ఎకరాలు. 200 కిలోమీటర్లకు రెండు వేల ఎకరాలు, స్టేషన్లు కాక. డ్యాంతో పోలిస్తే ఇది పెద్ద విస్తీర్ణం ఏమీ కాదు. చిక్కు విస్తీర్ణంలో లేదు, ఆకారంలో ఉంది. డ్యాం పది ఊళ్లను పూర్తిగా ముంచుతుంది. రైలు వంద ఊళ్లలో ఒక్కో రైతు దగ్గర ఆరు గుంటలో, అరెకరమో కోసుకుంటూ పోతుంది. ఎకరాలు తక్కువ, సంతకాలు ఎక్కువ.

"కొంచెం పక్కకు జరుపరాదా?" అన్నాడు మామ. రోడ్డునైతే జరపొచ్చు. గుడి అడ్డం వస్తే తారురోడ్డు వంకర తిరిగి పోతుంది. రైలు అలా తిరగలేదు. ఒక డిగ్రీ వంపు అంటేనే 1,750 మీటర్ల వ్యాసార్థం. బొగ్గు బండి ఎక్కాలంటే 200 మీటర్లు పోతే ఒక మీటరు మాత్రమే లేవాలి, మహా అయితే ఇంకొంచెం. అందుకే ఒక ఊరి దగ్గర యాభై మీటర్లు జరిపితే అటు మూడు ఊళ్లు, ఇటు మూడు ఊళ్ల అవతల దాకా గీత మారిపోతుంది. ఒకరి చెలక తప్పితే ఇంకొకరి తరి పోతుంది. అలైన్‌మెంట్ మార్పించామని చెప్పుకునే నాయకుల మాట నిజమే అయిన చోట కూడా, అది ఎవరి మీదికి జరిగిందో అడిగి తెలుసుకోవడం మంచిది.

ఇక ఆ గుంజల సంగతి. పాతినవాళ్లు ఫైనల్ లొకేషన్ సర్వే మనుషులు. అంతకు ముందు ప్రాథమిక సర్వేలో, ఈ దారిన లైను వేస్తే గిట్టుబాటు అవుతుందా అన్నది చూస్తారు. ఇప్పుడు నేల మీద కొలిచి గీతను ఖాయం చేస్తున్నారు. సర్వేకు మంజూరు వేరు, లైనుకు మంజూరు వేరు. మన పేపర్లలో ఈ రెండూ ఒకే సైజు హెడ్డింగులో వస్తాయి. సర్వే అయ్యాక ఫైలు అటకెక్కిన లైన్లు ఎన్నో ఉన్నాయి. కాబట్టి గుంజ పాతినంత మాత్రాన యాజమాన్యంలో వెంట్రుకంత మార్పు కూడా రాదు. అమ్ముకోవచ్చు, పంట వేసుకోవచ్చు, బ్యాంకులో పెట్టుకోవచ్చు. కొనేవాడు ముందుకు రాకపోవడం, వచ్చినా సగానికి అడగడం వేరే సంగతి. చట్టం లెక్కగట్టని నష్టం అక్కడే మొదలవుతుంది. దానికి ఎవరూ పరిహారం ఇవ్వరు.

అసలు గడియారం తిరగడం మొదలయ్యేది గెజిట్‌తో. 1989 రైల్వే చట్టంలో 2008లో ఒక కొత్త అధ్యాయం చేర్చారు, 20ఎ నుంచి 20పి దాకా. ఒక లైనును 'ప్రత్యేక రైల్వే ప్రాజెక్టు'గా ప్రకటిస్తే ఈ దారిలో భూమి తీసుకోవచ్చు. 20ఎ కింద ఫలానా సర్వే నంబర్లు కావాలని నోటిఫికేషన్ వస్తుంది. దాని సారాంశం రెండు పేపర్లలో పడాలి, ఒకటి స్థానిక భాషలో. అక్కడి నుంచి 30 రోజుల్లో అభ్యంతరం చెప్పుకోవాలి. విన్న తర్వాత అధికారి ఇచ్చే ఉత్తర్వే ఖాయం. ఆ పైన 20ఇ ప్రకటన. ఆ ప్రకటన వచ్చిన రోజు భూమి కేంద్రానికి దఖలు పడుతుంది. మామ ప్రశ్నకు సూటి జవాబు ఇదే. గుంజతో పోదు, 20ఎతో కూడా పోదు, 20ఇతో పోతుంది. 20ఎ వచ్చాక ఏడాదిలోపు 20ఇ రాకపోతే మొదటి నోటిఫికేషన్ మురిగిపోతుంది, మళ్లీ మొదటి నుంచి రావాలి. ఆ తర్వాత ధర తేల్చే అవార్డు. డబ్బు జమ చేసి నోటీసు ఇచ్చాక ఖాళీ చేయడానికి 60 రోజులు ఉంటుంది.

ఇది కాక రాష్ట్రం ద్వారా 2013 భూసేకరణ చట్టం కింద తీసుకునే దారి కూడా ఉంది. అందులో మెట్లు ఎక్కువ, అభ్యంతరానికి 60 రోజులు. రైల్వే చట్టం దారి పొట్టిది కాబట్టే దాన్ని ఎంచుకుంటున్నారు. అయితే పరిహారం విషయంలో మాత్రం 2015 నుంచి రైల్వే చట్టం కింద తీసుకున్నా 2013 చట్టం లెక్కే కట్టాలి. రైతులు గట్టిగా పట్టుకోవాల్సిన మాట ఇది.

ఆ లెక్క ఎట్లా ఉంటుందో చూద్దాం. మొదట మార్కెట్ విలువ. రిజిస్ట్రేషన్ ఆఫీసు విలువ ఒకటి. అంతకు ముందు మూడేళ్లలో చుట్టుపక్కల జరిగిన రిజిస్ట్రేషన్లలో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటు ఇంకొకటి. ఏది ఎక్కువైతే అది. దాన్ని పల్లెల్లో 1 నుంచి 2 మధ్య రాష్ట్రం నిర్ణయించిన అంకెతో గుణిస్తారు. బావి, బోరు, చెట్లు, ఇల్లు కలుపుతారు. మొత్తానికి అంతే మొత్తం సొలేషియంగా, అంటే బలవంతంగా తీసుకున్నందుకు ఊరటగా, వేస్తారు. అంటే రెట్టింపు. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. ఇప్పుడు మన ఊళ్ల అలవాటు తీసుకోండి. ఎకరం 40 లక్షలకు చేతులు మారుతుంది, కాగితం మీద 8 లక్షలు రాస్తారు. స్టాంపు డ్యూటీ మిగులుతుందని అమ్మినవాడికీ కొన్నవాడికీ ఇద్దరికీ సంతోషం. గుణకం ఒకటిన్నర అనుకుంటే 8 లక్షలు 12 అవుతుంది, రెట్టింపు చేస్తే 24. నలభై పలికే భూమికి ఇరవై నాలుగు. రైల్వే మోసం చేసిందంటాం గానీ, ఆ 8 అంకె రాసింది మనమే. మామ ఇక్కడ కాసేపు మాట్లాడలేదు. ఆయన కూడా మూడేళ్ల కింద పక్క చెలక కొన్నాడు మరి.

ఇంకా లోపలికి, ఏజెన్సీలోకి పోతే ఈ లెక్కే తలకిందులవుతుంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదిలీ కుదరదని 1/70 (1970 నాటి భూ బదిలీ నిబంధన) చెప్తుంది. ఆదివాసీ భూమిని కాపాడటానికి వచ్చిన చట్టం అది, దాని మీద నాకు పేచీ లేదు. కానీ అమ్మకాలే లేని చోట అమ్మకాల సగటు ఎక్కడి నుంచి వస్తుంది? దస్తావేజులు అరకొర, విలువ అడుగున. రెట్టింపు చేసినా అడుగునే. కాపాడాల్సిన చట్టమే పరిహారం దగ్గర ధర తగ్గించే తూకం రాయి అవుతోంది. దీన్ని సరిచేయాలంటే గుణకాన్ని ఏజెన్సీలో పై అంచుకు, అంటే 2కు, తీసుకుపోవడం రాష్ట్రం చేతిలో పనే. నన్నడిగితే మొదట చేయాల్సింది అదే.

పోడు భూమి ఇంకో రకం. అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా వారసులకు పోతుంది గానీ అమ్మడానికి లేదు. అమ్మలేనిది కాబట్టి పరిహారం లేదని ఎవరైనా అంటే నమ్మొద్దు. 2013 చట్టం భూయజమాని అన్న మాటలోనే అటవీ హక్కు పొందినవాళ్లనూ చేర్చింది. ప్రభుత్వం పేదలకు పంచిన అసైన్డ్ భూమికి పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లో ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పింది. కౌలుదార్ల సంగతే అధ్వానం. మూడేళ్లుగా ఆ భూమి మీద బతుకుతున్న కౌలుదారు కుటుంబాన్నీ చట్టం బాధిత కుటుంబంగా ఒప్పుకుంటుంది. కానీ అది చూపించే కాగితం ఏది? పాత పహాణీలో సాగుదారు కాలం ఉండేది. రికార్డుల ప్రక్షాళన తర్వాత అది పోయింది. చట్టంలో మనిషి ఉన్నాడు, రికార్డులో లేడు.

అడవిలో పోయే ముక్కకు 1980 అటవీ సంరక్షణ చట్టం అనుమతి వేరే కావాలి. రెండు దశల్లో వస్తుంది. కోసిన అడవికి బదులు మొక్కలు పెంచాలి, అడవి విలువ కట్టి డబ్బు జమ చేయాలి. రోడ్లు, రైళ్ల లాంటి పొడవాటి పనులకు గ్రామసభ సమ్మతి పత్రం నుంచి 2013 ఫిబ్రవరిలో కేంద్ర పర్యావరణ శాఖ మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపు పనిని తొందర చేసి ఉండొచ్చు. కానీ ఊరివాళ్లు రైలు గురించి మొదటిసారి వినాల్సిన వేదికను కూడా అది తీసేసింది. అందుకే మా మామకు రైలు సంగతి గుంజ చెప్పింది.

మల్కన్‌గిరి లైనుది ఇంకో వింత చిక్కు. 2014లో భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, దాన్ని ఆనుకున్న ఊళ్లు ఆంధ్రలోకి పోయాయి. ఒడిశాలో మొదలై ఆంధ్రలో నడిచి భద్రాచలం దగ్గర తెలంగాణలోకి వచ్చే లైను అది. గీత ఒకటే. కలెక్టర్లు వేరు, రికార్డులు వేరు, గుణకాలు వేరు. గట్టుకు ఇటుపక్క ఎకరానికి ఒక ధర, అటుపక్క ఇంకో ధర వస్తే తక్కువ వచ్చినవాడు ఊరుకుంటాడా? పైగా మధ్యలో గోదావరి మీద వంతెన. రైల్వే మామూలుగా భూమి చాలావరకు చేతికి వచ్చాకే టెండర్లు పిలుస్తుంది. ఒక రాష్ట్రం ముక్క వెనకబడితే మిగతా రెండు ముక్కలు కట్ట పోసుకుని గడ్డి మొలిపించుకుంటూ కూర్చోవాల్సిందే.

మరి తొందరగా అయిన లైన్లు లేవా అంటే ఉన్నాయి. భద్రాచలం రోడ్–సత్తుపల్లి 54 కిలోమీటర్లు. బొగ్గు కావాల్సిన సింగరేణి ఖర్చులో పెద్ద వాటా తనే పెట్టుకుంది, 2022లో బండి నడిచింది. మనోహరాబాద్–కొత్తపల్లి 151 కిలోమీటర్లది ఇంకో తీరు. 2006–07లో మంజూరై పడుకుంది. రాష్ట్రం భూమి ఇచ్చి, ఖర్చులో మూడో వంతు భరిస్తానన్నాక 2016లో శంకుస్థాపన జరిగింది, 2023 అక్టోబర్‌లో సిద్దిపేటకు రైలు వచ్చింది. భూమి తెచ్చే బాధ్యత తలకెత్తుకునేవాళ్లు ఒకరు ఉంటే పని కదులుతుంది. మనుషుల కోసం వేసే లైనుకు అలాంటివాళ్లు దొరకడం కష్టం, బొగ్గుకు దొరుకుతారు. రామగుండం–మణుగూరు మీద నాకున్న కాస్త ఆశ కూడా బొగ్గు మీదే, మేడారం భక్తుల మీద కాదు.

పైసల గోలలో అందరూ మరిచిపోయేది నీళ్లు. మన నేల కాకతీయుల గొలుసుకట్టు చెరువుల నేల. ఒక చెరువు అలుగు పోస్తే కింది చెరువులోకి పోవాలి. దానికి అడ్డంగా ఆరు మీటర్ల మట్టికట్ట పడితే, తూము చిన్నదైతే, అది ఇంకో చెరువు కట్ట అవుతుంది. 2024 సెప్టెంబర్ 1న కేసముద్రం–ఇంటికన్నె మధ్య ఏమైందో చూశాం. వరద కట్టను కోసుకుపోయి పట్టాలు గాలిలో ఉయ్యాలలా వేలాడాయి. ఢిల్లీ–చెన్నై దారి రోజుల తరబడి ఆగింది. వందేళ్లు దాటిన లైనుకే ఆ గతి పట్టిందంటే, కొత్త లైను వేసేటప్పుడు ఒర్రె ఎక్కడ ఉందో ఊరివాళ్లను అడగకుండా డ్రాయింగు గీస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ఎండాకాలం సర్వేకు వచ్చిన ఇంజినీరుకు ఒర్రె కాలిబాటలా కనిపిస్తుంది.

దారి సంగతీ అంతే. మామ బావి గీతకు అటుపక్క, చెలక ఇటుపక్క పడుతున్నాయి. కొత్త లైన్లలో ఇప్పుడు గేట్లు పెట్టడం లేదు. 2014లో మాసాయిపేటలో స్కూలు బస్సుకు జరిగిన ఘోరం గుర్తున్నవాళ్లెవరూ గేటు లేని క్రాసింగు కావాలని అడగరు కూడా. అండర్‌పాస్ ఇస్తారు. వానాకాలం అందులో నడుం లోతు నీళ్లు నిలుస్తాయి. దీని గురించి రైల్వే చట్టం 16వ సెక్షన్‌లో పనికొచ్చే మాట ఉంది. లైను వల్ల దారి, నీళ్లు తెగిపోయిన భూముల కోసం రైల్వే తన ఖర్చుతో దాటే దారులు, తూములు, కాలువలు కట్టివ్వాలి. లైను మొదలైన పదేళ్ల తర్వాత మాత్రం కొత్తవి కట్టమని రైతు అడిగితే ఆ ఖర్చు పెట్టే బాధ్యత రైల్వేకు ఉండదు. పొలం రెండు ముక్కలైతే ఆ నష్టం కూడా పరిహారంలో లెక్కకు రావాలి. అభ్యంతరం రాసే 30 రోజుల్లో "మా భూమి తీసుకోవద్దు" అని ఒక్క ముక్క రాసి ఇచ్చేవాళ్లే ఎక్కువ. అది విని, తోసిపుచ్చి, ముందుకు పోతారు. దానికి బదులు "ఫలానా సర్వే నంబరు దగ్గర ఒర్రె ఉంది, ఇంత వెడల్పు తూము కావాలి, ఎడ్లబండి, ట్రాక్టరు పోయేంత దారి కావాలి" అని నక్ష గీసి, పదిమంది సంతకాలు చేసి ఇస్తే అది ఫైల్లో ఉంటుంది. తర్వాత పరిహారం పేచీ తేల్చే ఆర్బిట్రేటర్ దగ్గరికి పోయినా, కోర్టుకు పోయినా చూపించడానికి కాగితం ఉంటుంది.

ఇదంతా విన్నాక మామ లేచి, ఇనుప పెట్టెలోంచి కాగితాలు తీసినట్టున్నాడు, ఫోన్‌లో పెట్టె మూత చప్పుడు వినిపించింది. పాస్‌బుక్కులో ఆయన పేరు మీద రెండెకరాల పది గుంటలు ఉంది. పాత సేత్వారు (సర్వే నాటి మూల రికార్డు) నకలులో మాత్రం మా తాత పేరే ఉంది, ముగ్గురు కొడుకులకు సబ్ డివిజన్ కాలేదు. పంచుకున్నది గట్ల మీద, కాగితం మీద కాదు. గుంజ పడ్డ నాలుగు గుంటలు ఎవరి వాటాలోవి అన్నది ముగ్గురు కూర్చుంటే గానీ తేలదు. పెద్దాయన ఊళ్లోనే ఉన్నాడు గానీ ఇద్దరికీ మాటల్లేవు. చిన్నాయన సూరత్‌లో మగ్గం మీద ఉన్నాడు.

"బతుకమ్మకు వస్తడట" అన్నాడు మామ. "నువ్వు గూడ రా. పెద్దన్నకు నువ్వే జెప్పాలె, నేను జెప్తే వినడు."